సవర వాచకం – తెలుగు వ్యాకరణం

సవర భాషకు వ్యాకరణం వ్రాసినవారూ, తెలుగు వచనాన్ని పాత వ్యాకరణాల చెరనుంచి విడిపించడానికి పోరాడినవారూ ఒక్కరే. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు చేసిన ఈ రెండు పనులలో రెండోదానికి మన సాహిత్య చరిత్రకారులు అధ్యాయాలు కేటాయించారు. మొదటిదానిని ఒక వాక్యంతో సరిపెట్టారు. ఏటా ఆగస్టు 29న ఆయన జన్మదినాన్ని తెలుగు భాషాదినంగా జరుపుకుంటున్నాం. ఆనాటి ఉపన్యాసాలలో “సవరలకు కూడా సేవ చేశారు” అన్న ముక్క తప్పక వినిపిస్తుంది. “సేవ” అనే ఆ మాట దగ్గరే నాకు పేచీ ఉన్నది. అన్నసత్రం పెట్టించడం, చలివేంద్రం కట్టించడం సేవ. ఒక భాషను మొదటినుంచి నేర్చుకుని, దాని ధ్వనులను గుర్తించి, నిఘంటువు కూర్చి, ఆ భాషలో పసివాళ్లకు చదువు చెప్పవచ్చునని బడిపెట్టి చూపించడం సేవ కాదు. అది పరిశోధన. అంతకుమించి అది ఒక భాషావిధానం. ప్రభుత్వానికి అటువంటి విధానం లేని రోజుల్లో ఒక బడిపంతులు తన జీతం రాళ్లతో నడిపిన విధానం.

పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, వంశధార ఒడ్డున పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు బడిలో గురజాడ అప్పారావుగారూ ఆయనా సహాధ్యాయులు. 1879లో మెట్రిక్యులేషను ప్యాసయి, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న తరగతుల ఉపాధ్యాయుడుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా పట్టం పుచ్చుకున్నారు. పాఠశాల కళాశాల అయింది, ఆయన అక్కడే ఉన్నారు. 1911లో ఉద్యోగం విరమించేదాకా ముప్ఫయ్యొక్క సంవత్సరాలు ఒకే ఊళ్లో పాఠాలు చెప్పారు. ఆయన శాస్త్రపాండిత్యం ఏ విశ్వవిద్యాలయమూ పెట్టిన భిక్ష కాదు. చరిత్ర మీద ఆసక్తితో ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు స్వయంగా చదవడం నేర్చుకున్నారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి “ఎపిగ్రాఫియా ఇండికా”లో ప్రకటించారు. శాసనాలు చదివినవాడికి ఒక సంగతి అర్థంకాక తప్పదు: వందల ఏళ్లనాడు కూడా జనం భాష ఒకటి, కవుల భాష మరొకటి. ఈ పాఠం ఆయనకు తర్వాత అక్కరకు వచ్చింది.

పర్లాకిమిడి ఊరు దాటితే కొండలు. ఆ కొండలలో సవరలు. వాళ్లు పోడుచేసి పండించిన చిరుధాన్యాలూ, అడవిలో ఏరుకొచ్చిన చింతపండూ పిక్కలూ సంతకు మోసుకొచ్చి అమ్ముకునేవారు. కొలతలో ఒక మోసం, లెక్కలో ఒక మోసం, కాగితంలో మరో మోసం. కచేరీకి వెళితే అక్కడి భాష తెలుగో ఒడియావో ఇంగ్లీషో గాని సవర కాదు. మధ్యలో దుబాసీ ఏమి చెబితే అదే సాక్ష్యం. ఒక జాతి నోటికీ ప్రభుత్వం చెవికీ మధ్య నిలబడిన మనిషి ఎంతటి అధికారి అవుతాడో ఊహించడం కష్టం కాదు. భాష రాకపోవడం అక్కడ అమాయకత్వానికి సంబంధించిన విషయం కాదు. దానివల్ల భూమి పోతుంది, అప్పు పెరుగుతుంది.

పంతులుగారు సవర నేర్చుకోవడం మొదలుపెట్టింది 1890ల తొలి సంవత్సరాలలో. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ మనిషి పేరు మన పుస్తకాలలో కానరాదు. గురువు పేరు మరచి శిష్యుని పేరు నిలుపుకోవడం పండితలోకానికి కొత్తేమీ కాదు. తర్వాత పంతులుగారే కొండలెక్కి గ్రామాలు తిరిగారు. మన్యపు జ్వరానికి క్వినైను మింగి మింగి ఆయనకు చెవుడు వచ్చిందని జీవిత చరిత్రకారులు వ్రాశారు. ధ్వనులను పట్టుకోవడమే వృత్తిగా పెట్టుకున్నవాడికి ఇంతకంటె పెద్ద మూల్యం ఉండదు.

ఆ భాష ఎటువంటిదో కొంచెం చెప్పాలి. చెప్పకపోతే ఆయన పని బరువు తెలియదు. సవర మన ద్రావిడ కుటుంబానికి చెందదు, ఒడియావలె ఆర్యభాషా కాదు. అది ముండా శాఖకు, అంటే ఆస్ట్రో–ఏషియాటిక్ కుటుంబానికి చెందిన భాష. సంతాలీ, ముండారీ దీనికి చుట్టాలు. మరీ దూరపు చుట్టరికం కలుపుకుంటే తూర్పున కంబోడియా, వియత్నాం భాషలు కూడా. అందులో మాట మధ్యలో గొంతు టక్కున బిగిసి ఆగే ధ్వని ఒకటున్నది. దాన్ని వ్రాయడానికి మన వర్ణమాలలో అక్షరం లేదు. “పులి పట్టుకుంటుంది” అన్న వాక్యాన్ని మనం రెండు మాటలుగా చెబుతాం. సవర భాషలో పులి అన్న మాట కురచబడి క్రియలోకే దూరిపోయి మొత్తం ఒకే మాట అవుతుంది. లెక్క కూడా వేరు. మనకు పది దగ్గర మలుపు. వాళ్లకు పన్నెండు దగ్గర ఒక మలుపు, ఇరవై దగ్గర మరొకటి. పన్నెండును మిగ్గెల్ అంటారు. పదమూడు అంటే పన్నెండూ ఒకటీ. పందొమ్మిది అంటే పన్నెండూ ఏడూ. ముప్ఫయిమూడు అంటే ఇరవై, దానిమీద పన్నెండు, ఆ పైన ఒకటి.

ఇప్పుడు సవర గూడెంలో ఆరేళ్ల పిల్లవాణ్ణి తలచుకోండి. వాడికి పన్నెండులమీద లెక్క వచ్చు. మైదానంనుంచి వచ్చిన పంతులు పలకమీద పదుల ఎక్కం వేసి, తెలుగులో అప్పజెప్పమంటాడు. వాడు నోరు విప్పడు. పంతులు రిజిస్టరులో “మందబుద్ధి” అని కాకపోయినా మనసులో అలాగే వ్రాసుకుంటాడు. రెండోవారం పిల్లవాడు బడి ఎగ్గొట్టి మేకల వెంట వెళతాడు. అప్పుడు రిపోర్టు తయారవుతుంది: “గిరిజనులకు విద్య మీద ఆసక్తి లేదు.” ఇలాంటి రిపోర్టులు తెల్లవాడి హయాంలోనూ వ్రాశారు, మనవాడి హయాంలోనూ వ్రాశారు. వాక్యనిర్మాణం కూడా పెద్దగా మారలేదు.

పంతులుగారు ఈ చిక్కును ఎదురుగా పట్టుకున్నారు. సవరలో వాచకాలు తయారుచేశారు, పాటలూ కథలూ సేకరించారు, సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆ బడులలో ఉపాధ్యాయుల జీతం ఆయన చేతిడబ్బు. ఈ సంగతిని మనం ఉదారత్వానికి దృష్టాంతంగా చెప్పుకుని మురిసిపోతాం. నాకు మాత్రం అది సర్కారు మీద అభియోగంగా కనబడుతున్నది. ఎందుకంటే సర్కారు సొమ్ము దేనికి ఖర్చయిందో కూడా చూడాలి. 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన “సవర భాషా వ్యాకరణం” అచ్చువేసింది. ఆ దశాబ్దంలోనే నిఘంటువులూ వెలువడ్డాయి. అవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. వాటివల్ల ఉపయోగం ఎవరికి? ఏజన్సీ అధికారులకు, మిషనరీలకు, భాషాశాస్త్రజ్ఞులకు. ఏలేవాడు ఏలబడేవాడి భాష నేర్చుకోవడానికి ఖజానా తెరుచుకున్నది. ఏలబడేవాడు తన భాషలో చదువుకోవడానికి తెరుచుకోలేదు. పంతులుగారికి “రావు సాహెబు” బిరుదు వచ్చింది, తర్వాత కైజర్–ఇ–హింద్ పతకమూ వచ్చింది. థర్‌స్టన్ దొర 1909లో దక్షిణాది కులాలూ తెగలను గురించి సంపుటాలు ప్రకటించినప్పుడు సవరల భాగానికి పంతులుగారి సమాచారం పనికి వచ్చింది. సామ్రాజ్యానికి తన ప్రజల పట్టిక కావాలి. పట్టిక వ్రాసిపెట్టే పండితుణ్ణి అది గౌరవిస్తుంది కూడా. కాని పట్టికలో ఎక్కిన పిల్లవాడికి పలక కొనివ్వడం దాని పని కాదు.

అయితే పంతులుగారిని సామ్రాజ్యపు గుమాస్తాగా తేల్చెయ్యడం అన్యాయం. మన మిత్రులలో కొందరికి ఈ తొందర ఉన్నది. బిరుదు కనబడితే చాలు మనిషిని అవతలి గట్టున పడేస్తారు. గుమాస్తా పట్టిక వ్రాసి ఇంటికి వెళతాడు. ఈయన బడి పెట్టారు. తేడా అక్కడ ఉన్నది.

ఈ పనికీ, తెలుగులో ఆయన లేవదీసిన ఉద్యమానికీ గల సంబంధాన్ని మన విమర్శకులు తగినంతగా చర్చించలేదని నా అభిప్రాయం. తేదీల వరస గమనించదగ్గది. సవర పని 1890లలో మొదలయింది. తెలుగు గొడవ 1906 తర్వాతది. విశాఖపట్నం ప్రాంతానికి స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్సు దొరకు తెలుగు బడులలో పిల్లలు నేర్చుకునే భాష ఇంట్లో వాడేది ఎందుకు కాదో అర్థం కాలేదు. పి.టి. శ్రీనివాసయ్యంగారు, గురజాడ, గిడుగు కలిసి ఆ ప్రశ్నను చేపట్టారు. ఆ నలుగురిలో అక్షరం లేని భాషకు వ్యాకరణం కట్టే పనిలో పదిహేనేళ్లుగా మునిగివున్నది గిడుగువారు ఒక్కరే.

ఆ పని మనిషికి ఏమి నేర్పుతుంది? సవరకు కావ్యం లేదు, లక్షణగ్రంథం లేదు, ప్రామాణిక కవి లేడు. అయినా సవర మాట్లాడేవాడు తప్పు మాట్లాడితే పక్కవాడు నవ్వుతాడు. అంటే నియమం ఉన్నది. ఆ నియమం తాటాకులో లేదు, నోటిలో ఉన్నది. వెళ్లి విని వ్రాసుకోవాలి. ఈ సత్యం ఒకసారి ఒంటబట్టినవాడికి, తెలుగువాడు రోజూ మాట్లాడే భాష నియమంలేని గ్రామ్యమనీ, చిన్నయసూరి ఒప్పుకున్నది మాత్రమే భాష అనీ పండితులు చెబితే ఎలా మింగుడుపడుతుంది? సవర కూలివాడి నోటికి వ్యాకరణం ఉండగా తెలుగు రైతు నోటికి ఉండదా? వ్యావహారిక వాదంలో ఆయన ప్రత్యర్థులను నిరుత్తరులను చేసిన పద్ధతి కూడా కొండల్లో అలవడినదే. సిద్ధాంతం కంటె ముందు ఉదాహరణలు గుట్టలు పోస్తారు. గ్రాంథికవాదులు తాము వ్రాసిన గ్రాంథికంలోనే ఎన్ని తప్పులు చేశారో వాళ్ల పుస్తకాలలోనుంచే ఏరి చూపించారు. క్షేత్రంలో సమాచారం పోగుచేసే భాషాశాస్త్రజ్ఞుని అలవాటు అది.

ఆ పోరాటం కథ పాఠకులకు తెలిసినదే గనుక పొడిగించను. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యావహారికంలో వ్రాసుకోవడానికి 1912–13 ప్రాంతంలో వీలుకలిగింది. జయంతి రామయ్య పంతులుగారు, ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు గగ్గోలు పెట్టారు. రెండేళ్లు తిరక్కుండానే ఆ వీలు ఊడింది. 1919లో పంతులుగారు “తెలుగు” అనే పత్రిక పెట్టి వాదం కొనసాగించారు. పరిషత్తువారి భయానికి మూలం భాషాసౌందర్యం పోతుందని కాదు. గ్రాంథికం నేర్చుకోవడానికి తీరిక కావాలి, తీరికకు భూమి కావాలి. పరీక్షలో ఆ కట్ట తెగితే ఎవరెవరి పిల్లలు లోపలికి వస్తారో వాళ్లకు బాగా తెలుసు.

కాని ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. తెలుగు వ్యావహారికం గెలిచింది. పత్రికలలో, కథలలో, చివరకు విశ్వవిద్యాలయాలలో కూడా గెలిచింది. గెలిచిన తెలుగు సవర భాషను ఎలా చూసింది? గ్రాంథికం ముందు వ్యావహారికం ఎలా నిలబడిందో, వ్యావహారిక తెలుగు ముందు సవర అలాగే నిలబడింది. ఈసారి పండితుని స్థానంలో ఉన్నది మనమే.

1936లో ఈ చిక్కు భూగోళం మీదకు ఎక్కింది. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి జమీనును రెండుగా కోసి, పర్లాకిమిడి పట్నాన్ని అటు కలిపారు. తెలుగువారు అంత పెద్దసంఖ్యలో ఉన్న ఊరిని ఒరిస్సాలో చేర్చడానికి నిరసనగా, డెబ్బయి దాటిన పంతులుగారు అరవై ఏళ్లకు దగ్గరగా కాపురమున్న ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. తన తెలుగు పర్లాకిమిడిలో అల్పసంఖ్యాక భాష కావడం ఆయన భరించలేకపోయారు. దీన్ని మనం ఆంధ్రాభిమానంగా కీర్తిస్తాం. కాని ఆ గీత సవర కొండలను కూడా కోసింది. సవరలు కొందరు ఒరిస్సాలో పడ్డారు, కొందరు మద్రాసు రాజధానిలో మిగిలారు. అటు పడ్డవాడికి ఒడియా బడి, ఇటు మిగిలినవాడికి తెలుగు బడి. వాళ్లను అడిగినవారు లేరు. పర్లాకిమిడి తెలుగుదా ఒడియాదా అన్న వాదంలో ఇరుపక్షాలవారూ లెక్కలు చూపారు, శాసనాలు చూపారు. ఆ కొండలమీద మూడో భాష మాట్లాడే మనుషులున్నారన్న సంగతి ఇద్దరికీ అక్కరలేకపోయింది.

అదే 1936లో మరొకటి జరిగింది. ఒరిస్సా వైపు సవరలలో మంగేయి గొమాంగో అనే ఆయన సవర భాషకు సొంతలిపి కల్పించాడు. దానిని సొరంగ్ సొంపెంగ్ అంటారు. ఆ లిపి చుట్టూ ఒక మతశాఖ కూడా పెరిగింది. అక్షరాలను దేవతలుగా కొలుస్తారు. భౌతికవాదులమైన మనకు ఇది చూసి నవ్వు రావచ్చు. నవ్వే ముందు, ఆ మనుషుల అనుభవంలో అక్షరం ఎప్పుడూ పైవాడి చేతిలో ఆయుధమేనని, తెలుగు, ఒడియా, రోమను లిపులు మూడూ తమ భాషకు బయటివారు తొడిగిన చొక్కాలేనని గుర్తుంచుకోవాలి. తమకంటూ ఒక అక్షరం కావాలనుకున్నప్పుడు దాన్ని దేవతగా చూసుకోవడంలో ఆశ్చర్యం లేదు. యూనికోడులో ఆ లిపికి 2012లో చోటు దొరికింది. కాని ఆంధ్రలోని సవర వాచకాలు తెలుగు లిపిలో ఉంటాయి. గీతకు అటూ ఇటూ ఉన్న అన్నదమ్ములు ఉత్తరం వ్రాసుకుంటే ఒకరిది ఒకరు చదవలేని పరిస్థితి నేటికీ తీరలేదు.

స్వతంత్రం వచ్చింది. 1956లో భాషారాష్ట్రాలతోపాటే రాజ్యాంగంలో 350–ఎ అధికరణం చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలకు ప్రతి రాష్ట్రమూ “ప్రయత్నం” చేయాలన్నది దాని సారాంశం. భాషారాష్ట్రాల కోసం మనం ప్రాణాలు ఇచ్చాం. ఈ అధికరణాన్ని చదివినవారు తక్కువ. చదివినవారు కూడా అది తమిళనాడులోని తెలుగువారికీ, ఆంధ్రలోని ఉర్దూవారికీ సంబంధించినదనుకున్నారు. సవర, కువి, కోయ, గోండి పిల్లల విషయంలో రాష్ట్రం చేసిన ప్రయత్నం దశాబ్దాలపాటు సున్న. జనాభా లెక్కలు కూడా 1971నుంచి పదివేలమంది కంటె తక్కువ మాట్లాడే భాషలను విడిగా చూపించడం మానేశాయి. సవర ఆ గండం దాటింది. 2011 లెక్కలలో ఆ భాషవారు నాలుగు లక్షల పైచిలుకు ఉన్నారు.

ఈ మధ్యకాలంలో శ్రీకాకుళం కొండలలో జరిగినదాన్ని పాఠకులకు వివరించనక్కరలేదు. ఒక్కటి మాత్రం గుర్తుచేస్తాను: గిరిజనులను సంఘంగా కూడగట్టిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ వృత్తిచేత బడిపంతుళ్లు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజనులమీద తుపాకులు పేలేదాకా ఆ ప్రాంతపు సమస్యలు మైదానపు పత్రికలకు పట్టలేదు. వారి పంథా మీద మనలో ఎన్ని తగవులున్నా, సర్కారు దుబాసీతో పాలించిన చోట ఆ పంతుళ్లు గూడెంలో కూర్చుని మాట్లాడారన్నది నిజం.

విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ విషయానికి ఆలస్యంగా వచ్చారు. వచ్చాక మాత్రం గట్టి పని చేశారు. 1953లోనే యునెస్కో మాతృభాషలో విద్యను సమర్థిస్తూ నివేదిక ప్రచురించింది. 1969లో మైసూరులో భారతీయ భాషల కేంద్రసంస్థ ఏర్పడినప్పుడు దాని తొలి డైరెక్టరుగా వచ్చిన దేవీప్రసన్న పట్నాయక్, బహుభాషలుండడం ఈ దేశానికి జబ్బు కాదనీ, ఒక్క భాషనే అందరిమీదా రుద్దడం జబ్బనీ జీవితాంతం వాదించారు. అజిత్ మహంతి ఒరిస్సాలో కోందు పిల్లలను పరీక్షించి, కుయి, ఒడియా రెండూ వచ్చిన పిల్లలు ఒక్క ఒడియా మాత్రమే మిగిలిన కోందు పిల్లలకంటె బుద్ధిపరీక్షలలో ముందున్నారని చూపించారు. తల్లిభాష నిలుపుకోవడంవల్ల పిల్లవాడు వెనకబడతాడన్న మాటకు ఇంతకంటె సూటి జవాబు లేదు. పంతులుగారు ఈ లెక్కలేవీ లేకుండా, బడిలో పిల్లవాడి ముఖం చూసి తెలుసుకున్నది ఇదే.

2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది భాషలలో, 240 బడులలో గిరిజన మాతృభాషా విద్యను ప్రారంభించింది. వాటిలో సవర ఒకటి. సంతోషించదగ్గదే. వాచకాలు వచ్చాయి, వాటిలో సవరల పండగలూ చెట్లూ వచ్చాయి. కాని ఆ పథకం స్వరూపం చూస్తే, మాతృభాష కాలువమీద వేసిన తాటిదుంగలాంటిది. కొన్ని తరగతులు గడిచేసరికి పిల్లవాడు దాటి తెలుగు గట్టుకు చేరాలి. చేరిన తర్వాత దుంగతో పని లేదు. సవరలో పై తరగతుల లెక్కలూ చరిత్రా చెప్పాలన్న ఊహే దానిలో లేదు. మా కళాశాలలో ఈ సంగతి చెబితే ఒక విద్యార్థి అడిగాడు: “సవరలో పదో తరగతి చదివితే ఉద్యోగం ఎవడిస్తాడండీ?” న్యాయమైన ప్రశ్న. ఇదే ప్రశ్న ఇంగ్లీషువాడి కాలంలో తెలుగును గురించి అడిగారు. ఉద్యోగం ఇవ్వడం, ఇవ్వకపోవడం భాష గుణం కాదు, రాజ్యం చేసే నిర్ణయం.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చే ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ నెలలలో ఎంత చర్చ జరిగిందో మనం చూశాం. ఇంగ్లీషు కావాలన్నవారు పేదవాడి పిల్లల పేరు చెప్పారు, తెలుగు కావాలన్నవారు గిడుగు పేరు చెప్పారు. ఇంగ్లీషు కోరే దళితుణ్ణి భాషాద్రోహి అనడం నాకు సమ్మతం కాదు. శతాబ్దాలుగా అతనికి తెలుగు బడి తలుపు కూడా తెరవలేదు. కాని సీతంపేట కొండమీది పిల్లవాడికి తెలుగు మాధ్యమమూ పరాయి మాధ్యమమేనన్న మాట ఆ చర్చలో ఎక్కడో అడుగునపడింది. గిడుగు పేరు అన్నిసార్లు పలికినవారు ఆయన సవర వాచకం పేరు ఎత్తలేదు.

ఇక కొండమీది బడి సంగతి. పిల్లల భాష వచ్చిన గిరిజన యువతీయువకులను మాతృభాషా విద్యా వాలంటీర్ల పేరుతో తీసుకుంటున్నారు. వాళ్లకు జీతం లేదు, గౌరవవేతనమని ఇస్తారు. విద్యాసంవత్సరం ముగియగానే కొలువు ముగుస్తుంది. తిరిగి తీసుకోమని వాళ్లు ఐ.టి.డి.ఎ. ఆఫీసుల ముందు ధర్నాలు చేయవలసివస్తున్నది. బడులు తెరిచి నెలలు గడిచినా ఉత్తర్వు రాని ఏళ్లున్నాయి. అన్నాళ్లూ పుస్తకం ఉంటుంది, పిల్లలుంటారు, ఆ పుస్తకం చదివి చెప్పే మనిషి మాత్రం ఉండడు.